మోటారు బాగానే ఉంది మాస్టారూ!

'గుర్ర్...' మంటోంది. అంతే. తిరగడం లేదు.

ఆవిడ స్విచ్చి కట్టేసి మళ్లీ వేసింది. మళ్లీ అదే మూలుగు. తొట్టిలో నీళ్లు కదల్లేదు, నురగ రాలేదు. నానిన దుప్పటి మాత్రం పైకి తేలి 'నా సంగతేంటి?' అన్నట్టు చూస్తోంది.

"ఏవండీ, ఒకసారి ఇటొస్తారా!"

మాస్టారు పేపరు మడిచి పెట్టి వచ్చారు. కళ్లజోడు సర్దుకుని వాషింగ్ మెషిన్ చుట్టూ ప్రదక్షిణ చేశారు. ప్లగ్గు గట్టిగా నొక్కి చూశారు. టైమర్ ఇటోసారి అటోసారి తిప్పారు. అంతకు మించి ఆయనకు చేతనైంది లేదు.

నిజానికి ఆయన ముప్పై రెండేళ్ల పాటు జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పిన మనిషి. విద్యుత్ మోటారు పాఠం పుస్తకం ముట్టుకోకుండా చెప్పేవారు. నల్లబల్ల మీద సుద్దముక్కతో అయస్కాంతం రెండు ధృవాలూ, మధ్యలో తీగచుట్ట, కింద బ్యాటరీ... చెయ్యి ఎత్తకుండా గీసేవారు. కానీ ఒక్కసారి కూడా నిజం మోటారును విప్పి చూసింది లేదు. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. అడిగిన వాళ్లూ లేరు.

ఇప్పుడు తెనాలిలో కాపురం. ఇంట్లో ఇద్దరే. 2010లో రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత కొడుకు పెళ్లికి, కొంత ఇంటి అప్పుకి పోగా, ఆవిడ తన కోసం కోరి కొనిపించుకుంది ఈ మెషిన్ ఒక్కటే. ఒక పక్క ఉతికే తొట్టి, ఇంకో పక్క నీళ్లు పిండే డ్రయ్యర్ ఉండే సెమీ ఆటోమేటిక్ రకం. దాన్ని ఇంటికి తెచ్చిన రోజు పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ బొట్టు మరక మూత అంచున ఇంకా ఉంది.

* * *

బెంగళూరు నుంచి కొడుకు ఫోన్లో తేల్చేశాడు. "ఇన్నేళ్లు వాడారు, ఇంకా దాన్ని పట్టుకుని వేలాడటం ఎందుకు నాన్నా! పూర్తి ఆటోమేటిక్‌ది బుక్ చేస్తాను, ఎల్లుండికల్లా వచ్చేస్తుంది."

ఆవిడ ఒప్పుకోలేదు. కారణం డబ్బు కాదు. వాళ్ల వీధికి మున్సిపాలిటీ నీళ్లు వచ్చేది పొద్దున ఒక్క గంట. ఆ నీళ్లు డ్రమ్ములో పట్టుకుని, బకెట్‌తో మెషిన్‌లో పోసుకుంటుంది. ఒకసారి తెల్లబట్టలు ఉతికిన నీళ్లలోనే రంగుబట్టలు, ఆ తర్వాత కాళ్లపట్టాలు. "ఆ కొత్తవి తమకు కావలసినప్పుడల్లా కుళాయి నీళ్లు అడుగుతాయటగా. నేనెక్కడి నుంచి తేను? ఇది నా మాట వింటుంది" అంది.

'ఇది నా మాట వింటుంది' అన్నంత తేలిగ్గా ఆవిడ వేళ్లు ఆవిడ మాట వినడం లేదు. ఆరేళ్లుగా కీళ్లవాతం. తెల్లారగట్ల లేస్తే పిడికిలి మూసుకోవడానికే అరగంట పడుతుంది.

మర్నాడు ఒక మెకానిక్ వచ్చాడు. కుర్రాడు చెడ్డవాడేం కాదు. తొందరలో ఉన్నాడు. మెషిన్ ముందు నిలబడ్డ ఆరు నిమిషాల్లో నాలుగు ఫోన్లు ఎత్తాడు. స్విచ్చి వేశాడు, మూలుగు విన్నాడు, ముక్కు దగ్గర పెట్టి వాసన చూశాడు.

"మోటారు కాలిపోయిందండీ. కొత్తది వెయ్యాల్సిందే. అంతా కలిపి నాలుగున్నర వేలవుద్ది. అయినా ఇంత పాతదానికి అంత పెట్టడం దండగ" అన్నాడు.

మాస్టారికి ఏదో తేడాగా అనిపించింది. కాలిపోయిన మోటారు మూలుగుతుందా? పోనీ కొంచెం కాలిందా? పాఠంలో అది లేదు. పెదవి విప్పలేదు.

కుర్రాడు వెళ్లాక ఆవిడ అంది. "కాలవ వంతెన దగ్గర మోటార్లు చుట్టే షాపు ఉంది కదా, ఆ అబ్బాయిని ఒకసారి పిలవకూడదూ? ఎదురింటి వాళ్ల గ్రైండరు అతనే బాగుచేశాడు. మీ శిష్యుడేనటగా."

మాస్టారు వినిపించుకోనట్టు పేపరు తీశారు.

ఆవిడకు తెలియని సంగతి ఒకటుంది. బజారుకు వెళ్లాలంటే ఆ వంతెన మీదుగా అయితే అయిదు నిమిషాల దారి. మాస్టారు మాత్రం చుట్టు తిరిగి, వెనక వీధిలోంచి పావుగంట నడిచి వెళ్తారు. 'నడక మంచిదని డాక్టరు చెప్పాడు' అంటారు. డాక్టరు చెప్పకముందు నుంచీ ఆయన ఆ దారినే వెళ్తున్నారు.

* * *

అది 1996. ఎండాకాలం బడి, ఒంటిపూట. సైన్సు గదిలో ఉన్నది ఒక్కటే సీలింగ్ ఫ్యాను. ఆ రోజు స్విచ్చి వేస్తే మూలుగుతోంది తప్ప తిరగడం లేదు. మాస్టారు హాజరుపట్టీ తెచ్చుకోవడానికి ఆఫీసు గదికి వెళ్లి వచ్చేసరికి, పదో తరగతి కుర్రాడొకడు బల్ల మీద స్టూలేసుకుని, దాని మీద నిలబడి, వెదురుపుల్లతో ఫ్యాను రెక్కను తోస్తున్నాడు. కింద పిల్లలంతా ఈలలు, చప్పట్లు.

ఆయనకు ఒళ్లు మండిపోయింది. మీద నుంచి పడితే? చెయ్యి రెక్కల్లో పడితే? భయమే కోపమైంది. చెయ్యి పట్టి కిందికి లాగి, చెక్కస్కేలుతో అరచేతుల మీద కొట్టారు. ఎన్నో లెక్కపెట్టలేదు. కుర్రాడు ఏదో అడగబోయాడు. "నోర్ముయ్. చదువు రాదుగానీ ఫ్యాన్లు బాగుచేస్తాడట! రేపు మీ నాన్నను తీసుకుని రా" అన్నారు.

తండ్రి వచ్చాడు. కూలి పని మానుకుని వచ్చాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. "వీడికి చదువు అబ్బదు, ఏదైనా పనిలో పెట్టుకో" అన్నారు మాస్టారు. ఆ తండ్రి మాస్టారి మాటను కోర్టు తీర్పులా తీసుకున్నాడు. పది పరీక్షలకు ముందే కుర్రాడు మోటార్లు చుట్టే షాపులో చేరిపోయాడు.

కథ అక్కడితో అయిపోతే మాస్టారు వెనక వీధిలోంచి నడవాల్సిన పని లేదు. వారం తర్వాత బడికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఫ్యాను గిన్నె దించి, చిటికెన వేలంత డబ్బా ఒకటి తీసి కొత్తది పెట్టాడు. "కండెన్సర్ పోయిందండీ. ఇది పోతే ఫ్యాను తనంతట తాను లేవదు. పుల్లతో ఒక్కసారి తోస్తే తిరిగేస్తుంది, అంతే" అన్నాడు.

అంటే ఆ కుర్రాడు చేసింది అల్లరి కాదు. సరైన పరీక్ష!

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి, 'పొరపాటు నాది, పిల్లాణ్ని బడికి పంపించు' అని చెప్పి ఉండాల్సింది. రేపు వెళ్దాం అనుకున్నారు. పరీక్షలయ్యాక అనుకున్నారు. సెలవుల తర్వాత అనుకున్నారు. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేశారు. కుర్రాడు పెరిగి పెద్దవాడై వంతెన దగ్గర సొంత షాపు పెట్టుకున్నాక, ఆయన దారి మార్చుకున్నారు.

* * *

మెషిన్ ఆగి పదకొండు రోజులైంది. ఆ పదకొండు రోజులూ ఆవిడే చేత్తో ఉతికింది. డ్రయ్యర్ పనిచేస్తోంది కాబట్టి పిండే బాధ తప్పింది గానీ, రుద్దడం తప్పలేదు. ఒకరోజు మాస్టారే బాత్రూంలో కూర్చుని దుప్పటి రుద్దబోతే, డెబ్భై మూడేళ్ల మనిషి జారిపడతారేమోనని ఆవిడ గోల చేసి లేవగొట్టింది.

పన్నెండో రోజు పొద్దున కాఫీ గ్లాసు ఆవిడ వేళ్లలోంచి జారిపోయింది. గ్లాసు పగిలినందుకు ఆవిడేం అనలేదు. వాచిపోయిన వేళ్లను కొంగు చాటున దాచుకుని, రెండో చేత్తో పెంకులు ఏరుతోంది. మాస్టారు చూశారు. చొక్కా తొడుక్కున్నారు. చాలా ఏళ్ల తర్వాత వంతెన దారి పట్టారు.

షాపు నిండా రాగితీగ చుట్టలు, విప్పిన మిక్సీలు, పంపుసెట్లు, వార్నిష్ వాసన. నడుం వంచి పనిచేసుకుంటున్న మనిషి తలెత్తాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. చటుక్కున లేచి చేతులు పాతగుడ్డకు తుడుచుకున్నాడు.

"మాస్టారూ! మీరొచ్చారేంటండీ? కబురు పెడితే నేనే వచ్చేవాణ్ని కదా!"

ఏం చెప్పాలో ముందే అనుకుని వెళ్లిన మాటలన్నీ మాస్టారికి గొంతులోనే ఉండిపోయాయి. "వాషింగ్ మెషిన్ తిరగట్లేదురా... తిరగట్లేదు బాబూ" అన్నారు.

"మూలుగుతోందా, అసలు చప్పుడే లేదా?"

"మూలుగుతోంది."

"అయితే బతికే ఉందండీ" అన్నాడతను నవ్వుతూ. "సాయంత్రం వస్తా. ఈలోపు స్విచ్చి వెయ్యమాకండి. తిరగకుండా మూలిగితే చుట్టలు వేడెక్కుతాయి. ఆ మూలుగు ఎక్కువసేపైతే అప్పుడు నిజంగానే కాలిపోద్ది."

* * *

నాలుగింటికి స్కూటర్ చప్పుడైంది. మెకానిక్ వస్తూనే మెషిన్ విప్పలేదు. ముందు సాకెట్‌లో మీటరు పెట్టి చూశాడు. 218 వోల్టులు.

"కరెంటు బాగానే ఉంది. ఒక్కోసారి ఇది 180కి పడిపోద్దండీ. అప్పుడు మంచి మోటారు కూడా బరువు లేపలేదు. మెషిన్‌దే తప్పనుకుని జనం మా దగ్గరికి మోసుకొస్తారు."

మాస్టారి నోట అప్రయత్నంగా లెక్క వచ్చేసింది. "బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 దగ్గర నూరుపాళ్లు అనుకుంటే, 180 దగ్గర అరవై ఒక్క పాళ్లే."

మెకానిక్ ఒక్క క్షణం ఆగి చూశాడు. "అందుకా! సగానికి సగం పడిపోయినట్టు ఉంటుందేంటా అనుకునేవాణ్ని" అన్నాడు.

తర్వాత తొట్టిలో చెయ్యి పెట్టి అడుగున ఉన్న చక్రాన్ని ఇటూ అటూ తిప్పాడు. తేలిగ్గా తిరిగింది. పిన్నీసో, రూపాయి బిళ్లో, లంగా బొందో దాని కిందికి దూరి పట్టేస్తే మోటారు ఇలాగే మూలుగుతుందట. ఇక్కడ అది కాదు.

ప్లగ్గు పీకేశాడు. పీకిన ప్లగ్గును అందరికీ కనిపించేలా మెషిన్ పైన పెట్టాడు. వెనక రేకు మరలు ఊడదీసి టార్చి మాస్టారి చేతికిచ్చాడు. పద్నాలుగేళ్లు దాటిన దుమ్ము, సాలెగూళ్లు. ఎలుకలు తీగలు కొరికాయేమోనని వేళ్లతో తడుముతూ పోయాడు. సెమీ ఆటోమేటిక్ మెషిన్లకు అడుగున ఖాళీ ఉంటుంది, ఎలుకలకు అది రాజమార్గం. ఇక్కడ తీగలు బాగానే ఉన్నాయి. రబ్బరు బెల్టు కూడా తెగలేదు. దాన్ని కప్పీ మీద నుంచి తప్పించాడు.

"ఇప్పుడు మోటారుకు తొట్టితో సంబంధం లేదండీ. ఇప్పుడు కూడా తిరక్కపోతే తప్పు పైన కాదు, కిందే."

అందర్నీ దూరం జరగమని, ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. గుర్ర్... తిరగలేదు.

అప్పుడతను సంచిలోంచి ఒక పుల్ల తీశాడు. సన్నటి వెదురుపుల్ల. దాని కొసతో కప్పీని కుడివైపుకు చిన్నగా తోశాడు. మోటారు జుయ్యిమని అందుకుంది! ఆపేశాడు. మళ్లీ వేసి ఈసారి ఎడమవైపుకు తోశాడు. అటే తిరిగింది.

టార్చి వెలుగు గోడ మీద వణికింది. మాస్టారి చెయ్యి నిలకడగా లేదు.

"మోటారు బాగానే ఉంది మాస్టారూ! కండెన్సర్ పోయింది" అన్నాడు మెకానిక్. ఆవిడ వైపు తిరిగి "అమ్మా, ఈ పుల్ల పని మీరు చూశారని చెయ్యమాకండి. చీర కొంగు పడితే ఊడిరాదు" అని హెచ్చరించాడు.

ప్లగ్గు మళ్లీ పీకేశాడు. మూలనున్న నల్లడబ్బాను మాస్టారు ముట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండాగండి! కరెంటు తీసేసినా దీంట్లో కాస్త దాగుంటుంది. గట్టిగా కొడుతుంది." బల్బు హోల్డరుకు రెండు తీగలున్న సరంజామా ఒకటి దాని కొసలకు ఆనించి, ఉన్నదేదో బల్బులోకి పోనిచ్చాకే విప్పాడు.

డబ్బా మీద 10+5 మైక్రోఫారడ్లు, 440 వోల్టులు అని ఉంది. పది ఉతికే మోటారుకి, అయిదు డ్రయ్యర్ మోటారుకి. మీటరు పెడితే అయిదు ఉండాల్సిన చోట 4.9 చూపించింది. పది ఉండాల్సిన చోట 2.8.

"చూశారా! అందుకే డ్రయ్యర్ తిరిగింది, ఇది తిరగలేదు."

నమ్మకం కోసం మోటారు మూడు తీగల మధ్య కూడా మీటరు పెట్టాడు. ఉమ్మడి తీగ నుంచి ఒక చుట్టకూ, రెండో చుట్టకూ ఒకే కొలత. చుట్టకీ ఇనుప ఒంటికీ మధ్య ఏమీ లేదు. కాలిన మోటారైతే ఈ రెండు లెక్కల్లో ఏదో ఒకటి తప్పేదట.

కొత్త డబ్బా బిగించడానికి పది నిమిషాలు పట్టలేదు. బెల్టు ఎక్కించి, రేకు మూసి, నీళ్లు పోసి టైమర్ తిప్పాడు. తొట్టిలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఆగాయి. వెనక్కి తిరిగాయి. ఆవిడ వేళ్లు చూసుకుని, కొంగుతో మూత మీది దుమ్ము తుడిచి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది.

* * *

"ఎంతయింది?"

"కండెన్సర్ రెండొందలండీ."

"నీ చేతికూలి?"

"మీ దగ్గరా?"

"మూడొందలు తీసుకో. పని చేసినవాడికి కూలి ఇవ్వకపోతే నాకు తప్పు" అన్నారు మాస్టారు. అంటూ ఆగిపోయారు. ఇప్పుడు అనకపోతే ఇంకెప్పుడూ అనలేరు.

"ఆ రోజు ఫ్యాను దగ్గర నిన్ను కొట్టాను. తప్పు నాది. నువ్వు చేసింది సరైనదేనని వారానికే నాకు తెలిసింది. తెలిసీ మీ ఇంటికి రాలేదు."

మెకానిక్ స్క్రూడ్రైవర్లు సంచిలో సర్దుతున్నవాడల్లా ఆగాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా నవ్వాడు.

"ఫ్యానా మాస్టారూ... తిరిగింది కదండీ! మీరు రాకముందే ఒకసారి తిరిగింది. మళ్లీ ఆపి, రెండోవైపు తోస్తే ఎటు తిరుగుద్దో చూద్దామని ఎక్కా. అప్పుడే మీరొచ్చారు."

"చదువు ఆగిపోయింది కదరా!"

"మా నాయన ఎటూ మానిపించేవాడేలెండి. ఇంట్లో ఇబ్బంది" అన్నాడు. అది నిజమో, ఎదుట నిలబడ్డ పెద్దాయన మనసు కష్టపెట్టకూడదని అన్న మాటో, మాస్టారికి అర్థం కాలేదు. అడిగే హక్కు తనకు లేదనిపించి ఊరుకున్నారు.

"కానీ ఒక్కటి మాత్రం మిగిలిపోయింది మాస్టారూ" అన్నాడతను. "ఆ రోజు మిమ్మల్ని అడగబోయాను. పుల్లతో తోస్తే ఎందుకు తిరుగుద్ది? తొయ్యకపోతే ఎందుకు తిరగదు? ఎటు తోస్తే అటే ఎందుకు పోద్ది? ఇన్నేళ్లలో వేల కండెన్సర్లు మార్చా. మూడు తీగల్లో రెండు తారుమారు చేస్తే ఉల్టా తిరుగుద్దని తెలుసు. ఎందుకో మాత్రం తెలీదండీ. అడిగితే మా గురువు 'అదంతే' అనేవాడు."

మాస్టారు ఒక్క నిమిషం అలాగే నిలబడ్డారు. తర్వాత లోపలికెళ్లి, దేవుడి గూటి పక్కన ముగ్గు డబ్బాలోంచి సుద్దముక్క తెచ్చారు. మోకాళ్ల నొప్పిని లెక్కచేయకుండా సిమెంటు గచ్చు మీద కూర్చున్నారు. ఒక గుండ్రం గీశారు.

"ఇది రోటరు. మన ఇంటి కరెంటు సెకనుకు యాభై సార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఒక్క చుట్టే ఉంటే దాని అయస్కాంత బలం కూడా ఒకే గీత మీద అటూ ఇటూ ఊగుతుంది. కుడికి తిరగడానికి ఎంత బలమో, ఎడమకు తిరగడానికీ అంతే. పాపం రోటరు ఎటు పోవాలి? నిలబడి వణుకుతుంది. నువ్వు విన్న మూలుగు అదే."

"ఊఁ..."

"మీ అమ్మ తిరగలి విసరడం చూశావా? పిడిని తిన్నగా మధ్యకు తోసి, తిన్నగా వెనక్కి లాగితే రాయి తిరుగుతుందా? తిరగదు. ముందుకు తోసే తోపుతో పాటు, సమయం చూసి పక్కకు కూడా ఒక తోపు ఉండాలి. అందుకే రెండో చుట్టను మొదటిదానికి అడ్డంగా పెట్టారు. దాని దారిలో కెపాసిటర్... అదే, నీ కండెన్సర్ ఉంటుంది. ఆ దారిలో కరెంటు మొదటిదానికంటే ఇంచుమించు పావు ఊపు ముందు నడుస్తుంది. పావు ఊపంటే సెకనులో రెండొందలో వంతు. అంత చిన్న తేడాతో రెండు తోపులూ కలిసి గుండ్రంగా తిరిగే బలమవుతాయి. నికోలా టెస్లా, ఇటలీలో గెలీలియో ఫెరారిస్... ఇద్దరూ విడివిడిగా ఈ కిటుకు పట్టుకున్నారు. 1888లో లోకానికి తెలిసింది."

"మరి పుల్లతో తోస్తే?"

"ఒకసారి తిరగడం మొదలైతే, ఆ రెండో తోపును రోటరు తన తిరుగుడుతో తానే పుట్టించుకుంటుంది. నువ్వు ఎటు తోస్తే అటు. అంటే నీ వెదురుపుల్ల కెపాసిటర్ పని చేసిందన్నమాట!"

మెకానిక్ కళ్లు మెరిశాయి. సుద్దముక్క తీసుకుని తనే గీశాడు. "అయితే టైమర్ ఈ డబ్బాను ఒకసారి ఈ చుట్ట దారిలో, ఒకసారి ఆ చుట్ట దారిలో పెడుద్ది. అందుకే బట్టలు ఇటు కాసేపు, అటు కాసేపు! రెండు చుట్టలూ సమానంగా ఎందుకుంటాయా అనుకునేవాణ్ని మాస్టారూ. రెండింటికీ రెండు పనులూ వస్తాయి కాబట్టి!"

"నూటికి నూరు" అన్నారు మాస్టారు.

"మరి ఈ డబ్బా పైకి బాగానే ఉండి లోపల తగ్గిపోద్దేంటి? కోసి చూశానొకసారి. పల్చటి ప్లాస్టిక్ చుట్ట, దాని మీద వెండిపూత లాంటిది. చుక్కలు చుక్కలుగా పూత మాసిపోయి ఉంది."

ఈసారి మాస్టారు ఆశ్చర్యపోయారు. ఆయన కెపాసిటర్ లోపల ఎన్నడూ చూడలేదు. "కరెంటు ఎక్కువ తక్కువలైనప్పుడు ఆ పొరలో చిన్న చోట మెరుపు పుడుతుంది. ఆ చోట లోహపు పూత ఆవిరైపోయి, డబ్బా తనను తాను కాపాడుకుంటుంది. కానీ పోయిన ప్రతి చుక్కా పోయినట్టే. ఏళ్ల తరబడి చుక్కా చుక్కా పోతే పది కాస్తా రెండున్నరో మూడో అవుతుంది. పుస్తకంలో చదివాను. నువ్వు కళ్లతో చూశావు!"

ఆవిడ టీ తెచ్చేసరికి ఇద్దరూ గచ్చు మీద తలలు దగ్గర పెట్టుకుని ఉన్నారు. పక్కన మెషిన్ ఇటు తిరుగుతోంది, అటు తిరుగుతోంది. టీ గ్లాసులు స్టూలు మీద పెట్టి, "చల్లారిపోతుంది" అంది. ఎవరూ వినలేదు.

* * *

ఆ రాత్రి మాస్టారు పాత క్యాలెండర్ కాగితం వెనక, బడిలో బోర్డు మీద రాసే అక్షరాలతో ఇలా రాసి మెషిన్ వెనక గోడకు అంటించారు.

'మోటారు తిరగకపోతే: ఒకటి, వెంటనే స్విచ్చి కట్టేయాలి, మూలగనివ్వకూడదు. రెండు, అదే సాకెట్‌లో టేబుల్ ల్యాంపు పెట్టి కరెంటు ఉందో లేదో, దీపం డిమ్ముగా ఉందో చూడాలి. మూడు, ప్లగ్గు తీసి, తొట్టిలో చక్రాన్ని చేత్తో తిప్పాలి. పట్టేస్తే కింద ఏదో ఇరుక్కున్నట్టు. నాలుగు, బట్టలు మరీ కుక్కామేమో, కొన్ని తీసి చూడాలి. అయిదు, బాగా వేడెక్కి ఆగితే గంటసేపు చల్లారనివ్వాలి. ఆ తర్వాతా తిరగకపోతే వెనక రేకు మనం విప్పకూడదు, మెకానిక్‌ని పిలవాలి. మోటారు పోయిందని అతనంటే, కండెన్సర్ కొలిచావా అని అడగాలి.'

కొడుకు వీడియో కాల్లో అది చూసి నవ్వాడు. "ఏంటి నాన్నా, మెషిన్‌కి కూడా నోట్సా!"

గచ్చు మీది సుద్దబొమ్మను ఆవిడ రెండు రోజులు చెరపలేదు. దాని చుట్టూ ఊడ్చి, చుట్టూ తడిగుడ్డ పెట్టింది. మూడో రోజు బట్టలు ఉతికేటప్పుడు బకెట్ నీళ్లు ఒలికి దానంతటదే పోయింది.

మాస్టారు బజారుకు వెళ్లే దారి మారింది. ఇప్పుడు వంతెన మీదుగానే వెళ్తున్నారు. అయిదు నిమిషాల దారే గానీ, తిరిగి రావడానికి గంటన్నర పడుతోంది. షాపులో పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు ఇద్దరున్నారు. వాళ్లకు 'ఎందుకు' అని అడగడం కొత్తగా అలవాటైంది.